సూర్యం కోసం ఒక చీటీ

స్వామిదాసుకు ఒకటే రోగం. 'గడప దాటని గంగ' సీరియల్‌ను ఆయన చూసి ఊరుకోడు. చూసిందంతా మర్నాడు పొద్దున ఎవరికో ఒకరికి అప్పజెప్తేగాని ఆయనకు అన్నం అరగదు. ఇప్పటికి పందొమ్మిది వందల నలభై ఎపిసోడ్లయ్యాయి. గంగ ఇంకా గడప దాటలేదు. స్వామిదాసు ఒక్క ఎపిసోడూ దాటేయలేదు.

అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌కు ఆయన వాచ్‌మన్. సీరియల్ వచ్చేది మధ్యాహ్నం పన్నెండున్నరకు. ఆ వేళకు టీవీ ముందు కూర్చునే తీరిక ఆయన ఉండే చేవెళ్లలో ఎవరికీ లేదు. ఉన్నవాళ్లు ఏనాడో విసిగి మానేశారు. భార్య పద్మమ్మ నాలుగు వందలవ ఎపిసోడ్ దగ్గరే చేతులెత్తేసింది. అందుకని ఆయన చెప్పిందే కథ.

చేవెళ్ల నుంచి మెహిదీపట్నం పోయే పొద్దుటి బస్సులో ఆ కథ వినే ఖర్మ కృపాకర్‌ది. ఒకే చర్చి సంఘం, ఒకే వాడ, ఒకే సీటు. తప్పించుకునే దారి లేదు గనుక సగం చెవిన పెట్టి సగం వదిలేస్తాడు.

కృపాకర్ మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. అంటే, నెలన్నర కిందటి వరకు. సీట్లు నిండలేదని పదకొండు మందిని తీసేశారు. భార్య ఆశాకు ఆ సంగతి చెప్పలేదు. రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని అదే బస్సెక్కుతాడు, మొయినాబాద్‌లో దిగుతాడు, సాయంత్రం దాకా బస్టాండు బెంచీ మీద కూర్చుంటాడు. జీతం ఆలస్యమైందన్న అబద్ధం ఒక నెల చెల్లింది. మళ్లీ ఒకటో తారీఖు దగ్గరపడుతోంది. ఏ పనీ చేయకపోవడంలో ఇంత అలసట ఉంటుందని అతనికి ఇదివరకు తెలియదు.

"కృపాకరూ, మీ కాలేజీల మందిని తీస్తున్నరంట గదా?" అని వెనక సీటు బాల్‌రాజ్ ఒకనాడు అడిగాడు.

కృపాకర్ ఏదో ఒకటి చెప్పబోయాడు. కానీ స్వామిదాసు ఉండగా ఇంకొకరికి మాట్లాడే వంతు ఎక్కడిది?

"గది ఇడువు బాల్‌రాజూ! నిన్న గంగ అత్త ఏం చేసిందో ఎర్కేనా? పాయసంల..."

"విషం కలిపింది. అన్నా, మొన్న గూడ గదే గద!"

"మొన్న కలిపింది. నిన్న గంటె వెట్టి తిప్పింది."

బస్సు నవ్వింది. బాల్‌రాజ్ ప్రశ్న ఆ పాయసంలోనే మునిగిపోయింది.

ఆదివారం గుడిలో మనవి చీటీలు చదివే పని కూడా కృపాకర్‌దే. ఎవరి కష్టం వాళ్లు కాగితం ముక్క మీద రాసి పెట్టెలో వేస్తారు, అతను గట్టిగా చదువుతాడు, అందరూ ప్రార్థిస్తారు. నిరుడు అందులో "గంగ అను సహోదరి కోమాలో ఉన్నది" అని ఒక చీటీ వచ్చింది. స్త్రీల సమాజం శుక్రవారమంతా ఉపవాసం చేసింది. సోమవారం గంగ కళ్లు తెరిచింది. ఆ గంగ ఎవరో తెలిశాక, కడుపు మాడ్చుకున్న ఆడవాళ్లు నెల రోజులు స్వామిదాసుతో మాట్లాడలేదు.

ఈ ఆదివారం కృపాకర్ ఒక చీటీ విప్పి చదవడం మొదలుపెట్టాడు. "సూర్యం అను సహోదరుని ఉద్యోగం పోయినది. ఇంట్లో చెప్పలేక తిరుగుచున్నాడు. అతనికి..." ఆగాడు. "అతనికి ధైర్యం కలుగునట్లు ప్రార్థించగలరు. స్వామిదాసు."

"దాసూ, గీ సూర్యం ఎవరయ్యా?" అన్నాడు పాస్టరయ్య నీరసంగా.

"గంగ పెనిమిటి అయ్యగారూ."

గుడి గుడంతా నవ్వింది. పాస్టరయ్య నిట్టూర్చాడు. "సరే తియ్. గసొంటోళ్లు లోకంల మస్తుమంది ఉన్నరు. మోకరిద్దాం."

ముందు వరసలో ఆశా కూడా కళ్లు మూసుకుని సూర్యం కోసం ప్రార్థించింది. కృపాకర్ ఆమె వైపు చూడలేకపోయాడు. తన బతుకును ఎవడో సీరియల్‌లో పెట్టేశాడని ఒళ్లు మండింది.

మర్నాడు బస్సులో, జీవితంలో మొదటిసారి, అతనే కథ అడిగాడు.

"దాసన్నా, సూర్యం ఇంట్ల చెప్పిండా?"

స్వామిదాసు ఒక క్షణం తబ్బిబ్బయ్యాడు. "ఇంకా లేదు తమ్మీ."

"చెప్తే గంగ ఏమంటది?"

"ఏమనదు. ఉద్యోగం పోయినందుకు ఏడ్వది. ఇన్నొద్దులు చెప్పనందుకు రెండు తిడ్తది. గంతే."

బుధవారం వాన దంచికొట్టింది. బెంచీ తడిసిపోతే కృపాకర్ ఎదురుగా ఉన్న మల్లేశ్ టీ కొట్టులోకి దూరాడు. టీవీ నడుస్తోంది. పన్నెండున్నరకు 'గడప దాటని గంగ' మొదలైంది. గంగ దీపం పట్టుకుని గోడకున్న పటానికి దండం పెట్టింది. పటానికి పెద్ద పూలదండ. కింద బంగారు అక్షరాలతో 'సూర్యం' అని ఉంది.

"మల్లేశన్నా, గీ సూర్యం ఎప్పుడు పోయిండు?"

"సచ్చి రెండేండ్లాయె. గా యాక్టర్ వేరే సీరియల్‌కు పోయిండు గద," అన్నాడు మల్లేశ్ గ్లాసులు కడుగుతూ.

సీరియల్ అయిపోయినా కృపాకర్ ఆ టీవీ వైపే చూస్తూ కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. పాయసంలో గంటె తిప్పిన రోజు గుర్తొచ్చింది. అంతకుముందు బస్సులో కండక్టర్ కాలేజీ గురించి ఏదో అడగబోతే గంగ ఆడబిడ్డ మెట్ల మీద నుంచి పడిన రోజు గుర్తొచ్చింది. ఈ నెలన్నరలో గంగ కుటుంబానికి ఆపద వచ్చిందల్లా ఎవరో తనను కాలేజీ గురించి అడిగినప్పుడే.

ఆ సాయంత్రం టిఫిన్ డబ్బా కింద పెట్టి ఆశాకు చెప్పేశాడు. ఆమె ఏడవలేదు. ఇన్నాళ్లు చెప్పనందుకు తిట్టింది. రెండు కాదు, చాలా తిట్టింది.

"ఎట్ల కనిపెట్టినవే అన్నా?" అని మర్నాడు పొద్దున బస్సులో కృపాకర్ అడిగాడు.

"మెడల కాలేజీ ట్యాగు లేకపాయె," అన్నాడు స్వామిదాసు కిటికీలోంచి చూస్తూ. "ఆరేండ్ల సంది సీరియల్ చూస్తున్న. మెడల ఉండాల్సింది లేకుంటే కథ మారిందన్నట్టే గదా! సరే గని, నిన్న గంగ అత్త..."

కృపాకర్ విన్నాడు. అజీజ్‌నగర్ దాకా విన్నాడు. పని వెతుక్కోవడానికి ఇప్పుడు మెహిదీపట్నం దాకా పోతున్నాడు.

తర్వాతి ఆదివారం పెట్టెలో ఒక స్తుతి చీటీ ఉంది. కృపాకర్ గట్టిగా చదివాడు. "సూర్యం ఇంట్లో చెప్పినాడు. దేవునికి స్తోత్రం." కాగితంలో అంతవరకే ఉంది. అతను తన సొంతంగా ఒక ముక్క కలిపాడు. "పని ఇంకా దొరకలేదు. ప్రార్థన ఆపొద్దు."

ఆశా తల వంచుకుని నవ్వాపుకుంది.

పోయిన వారం గుడికి రాని పద్మమ్మ వెనక వరసలోంచి లేచింది. "గదేంది? నేను చూసుడు బంజేసిన గని అంత తెల్వకుంట లేను. సూర్యం ఎప్పుడో సచ్చిపాయె గద!"

"లేచిండు," అన్నాడు స్వామిదాసు. "కూసో."