పీలికలు కట్టిన గడ్డి బయలు

మా చిన్నప్పుడు... మలేషియాలో బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి తోటలో, కూలీల ఇళ్ల వెనక పెద్ద గడ్డి బయలు ఉండేది. అది ఏ ఒక్కరిదీ కాదు... ఎవరి ఆవైనా మేయొచ్చు, ఎవరూ కంచె వేయకూడదు. ఆవుల వెంట తెల్లకొంగలు, కాలవ గట్టున ఉడుములు, పొట్టి గడ్డిలో తీతువులు...

తీతువు నేలమీదే గుడ్లు పెడుతుంది. అవి కనబడగానే మా మామ్మ పక్కన ఓ పుల్ల పాతి, పాత చీర పీలిక కట్టేది. పీలిక ఉన్నవైపు ఎవరూ ఆవును తోలకూడదు... అదీ మా కట్టుబాటు.

ఒకరోజు పొద్దున్నే చూస్తే బయలంతా పుల్లలే... అన్నిటికీ ఎర్ర గుడ్డలే!

"ఓలమ్మో, ఇన్ని గూళ్లే! ఈ యేడు పిట్టలకే వొదిలేద్దాం. ఒరే బావూ, ఆవుల్ని మళ్లించు," అంది మామ్మ. అందరూ మళ్లించారు. పాపం, ఆవులు గట్లమీది పరకలతో సరిపెట్టుకున్నాయి.

తోట గుమాస్తా మా తెలుగువాడే, కాకపోతే మాట చివర మలయావాళ్ల 'లా' తగిలించేవాడు. సంగతి తెలిసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గూళ్లేటి మామ్మా! పామాయిల్ మొక్కలకి నేను పాతించిన గుర్తులు లా! పిట్టలే గుడ్డలు కట్టుకున్నాయనుకున్నావేటి?"

మామ్మకు నవ్వు రాలేదు. బయలు పోతే ఆవుల్ని అమ్ముకోవడమే. మర్నాడు ఆడవాళ్లందరినీ కూడగట్టి, ఆవుల్ని తోలుకెళ్లి దొర బంగళా ముందున్న పచ్చికలో వదిలేసింది.

"మా గడ్డి మీరు తీసుకున్నారు గదా దొరగోరూ... మీ గడ్డి మాకిచ్చినారనుకున్నాం," అంది. ఆ మాటను ఇంగ్లీషులో దొరకు చెప్పాల్సి వచ్చింది గుమాస్తానే! పూలమొక్కలు సగం పోయాక, సగం బయలు మాకు మిగిలింది.

ఆ సగమే ఇప్పుడు రక్షిత పచ్చిక బయలు. పోయిన నెల ప్రారంభోత్సవంలో గుమాస్తా కొడుకు మైకు పట్టుకుని, "దీన్ని కాపాడింది మా నాన్న," అన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో మా చుట్టాలూ ఉన్నారు... పచ్చిక బయళ్ల గురించి నేను చాలా పుస్తకాలే చదివాను. వెక్కిరించి కాపాడినవాడు ఒక్క పుస్తకంలోనూ తగల్లేదు.

ఇప్పుడక్కడ కంచె ఉంది... లోపలికి ఆవుల్ని రానివ్వరు. మేసే నోరు లేక గడ్డి నడుమెత్తు పెరిగింది. అంత గడ్డిలో తీతువు గుడ్లు పెట్టదు. ఆ పిట్టలన్నీ వెళ్లిపోయాయి. బోర్డు మీద తీతువు బొమ్మ మాత్రం భలే ఉంది.

మీ వైపు ఇంకా ఆవులు మేసే బయలుందా? ఉంటే చెప్పండి... చెడ్డ శకునమని మనవాళ్లు జడుసుకునే ఆ తీతువు అరుపు వినడానికైనా వస్తాను.