మా పందులకు సింహం తెల్వదు

వనపర్తిలో నేను పాఠం చెప్పే ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు ఏ పని ఇచ్చినా ఒకటే ప్రశ్న. "మేడం, గిది ఏ యూనిట్ల వస్తది?" నాకు ఒళ్లు మండేది. అందుకే ఓసారి ఏ యూనిట్లోనూ లేని పని ఇచ్చాను. పల్లి చేనులోకి అడవిపందులు రాకుండా చూడండి. పందికీ మనిషికీ దెబ్బ తగలకూడదు, కరెంటు తీగ వాడకూడదు. జవాబు నాకూ తెలియదు అన్నాను. క్లాసంతా నన్ను అదోలా చూసింది.

ఆ వారమే వీపనగండ్ల నుంచి వచ్చే పిల్ల ఒకతె నా గదికొచ్చింది. "నాకు ఇంజినీరింగ్ రాదు మేడం. ఇంగ్లీషుల చెప్తే ఒక్క ముక్క సమజైతలేదు. టీసీ ఇప్పిచ్చుండ్రి, ఇంటికి పోత."

చురుకైన పిల్ల. ఇప్పుడు పోతే మళ్లీ రాదు. నా ప్రాణం ఉసూరుమంది.

"మీకు చేనుందా?"

"కౌలుకు చేస్తం. పల్లి ఏసినం. సగం పందులే తింటున్నయి."

"అయితే ఈ పని అయ్యేదాకా ఆగు. తర్వాత నేనే ఇప్పిస్తా," అన్నాను. ఇప్పించే ఉద్దేశం నాకు ఇసుమంతైనా లేదు.

ఆమె జట్టు ఓ డబ్బా తయారు చేసింది. దాని ముందు ఏదైనా కదిలితే చాలు, లోపలి స్పీకరు సింహంలా గర్జిస్తుంది. క్లాసులో మోగిస్తే నేనే ఉలిక్కిపడ్డాను. తీసుకెళ్లి వాళ్ల చేను గట్టున పెట్టారు. తెల్లారి చూస్తే సరిగ్గా డబ్బా చుట్టూనే మొక్కలన్నీ పెళ్లగించి ఉన్నాయట. జట్టంతా డీలా పడింది. ఆ పిల్ల మాత్రం పకపకా నవ్వింది.

"మా పందులు సింహాన్ని యాడ సూసినయి? వాటికి మా అమ్మంటెనే భయం!"

మర్నాడు తల్లి తిట్లు ఫోనులో ఎక్కించుకొచ్చింది. మంచె మీద నిలబడి ఆమె రోజూ తిట్టేవే. "మీ నోట్ల మన్నువడ! మీ అయ్య జాగీరా గిది?" క్లాసు గోడలు అదిరాయి. అందరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ తిట్లే డబ్బాలోకి ఎక్కించి మళ్లీ గట్టున పెడితే, ఆ గొంతు వినగానే పందులు తోక ముడిచాయి. తల్లి ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయిందని తెలిసి నేను పొంగిపోయాను.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. పందులు మళ్లీ వచ్చాయి. ఆ పిల్ల నా గుమ్మంలో నిలబడగానే, అయిపోయింది, టీసీకే వచ్చింది అనుకున్నాను.

"అలవాటు వడ్డయి మేడం. మా అమ్మ తిట్టుకుంటనే రాయి ఇసుర్తది. డబ్బ ఇసరదు గద! గది వాటికి ఎర్కైంది."

అంటూనే చాక్‌పీసు అందుకుని నా బోర్డు మీద చేను గీసింది. డబ్బా రోజుకో తావున పెట్టాలట, తిట్లు మార్చాలట, తిట్టు వెనకే గట్టు మీద రేకు డబ్బా దబ్బున పడాలట. దాన్ని పడేసే మోటారు ఎంత ఉండాలో నన్నే అడిగింది. చెప్పేలోపే తనే లెక్క మొదలుపెట్టింది.

"మరి టీసీ?" అన్నాను భయంభయంగా.

"జర ఆగుండ్రి మేడం," అంది వెనక్కి తిరగకుండానే. "గిప్పుడు గంత టైం లేదు."