ఎద్దు పేజీ దగ్గర ఆగిన పుస్తకం

మొన్న నల్లపాడు దాటుతుండగా నా బస్సులో ఎద్దు అరిచింది. నేను కండక్టర్ని. కోళ్ళ గంపలకీ మేకపిల్లలకీ టికెట్టు కొట్టిన దాన్నే గానీ ఎద్దునెప్పుడూ ఎక్కించుకోలేదు. ఎవరో సంచిలో తెచ్చిన ఎండుమిరప ఘాటుకి సగం బస్సు తుమ్ముతోంది. ఆ తుమ్ముల మధ్యలోంచి మళ్ళీ అరిచింది. తిరిగి చూస్తే ఒక పసిపిల్ల ఒళ్ళో బొమ్మల పుస్తకం, మీట నొక్కితే జంతువు అరిచే రకం, దాంతోపాటు పిల్లా అరుస్తోంది. వాళ్ళమ్మ సిగ్గుపడిపోయి పుస్తకం లాక్కుని, "నోర్మూసుకో, అందరూ చూస్తున్నారు" అంది. "చూస్తే చూడనీ తల్లీ, ముందు దాని పుస్తకం దానికియ్యి" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాననుకుంటా, డ్రైవరు కూడా వెనక్కి చూశాడు. ఆ రోజంతా సైదాబీ టీచరు నా బుర్రలోంచి కదల్లేదు.

సైదాబీ మా ఊరి అంగన్‌వాడీ టీచరు. మా ఊరు చిలకలూరిపేటకి అవతల, పత్తి తప్ప ఇంకోటి ఎరగని నల్లరేగడి మీద ఉంటుంది. ఆవిడ పొట్టి మనిషి, గొంతు మాత్రం మైకు మింగినట్టుండేది. ఆవిడ దగ్గర ఒక అట్టల పుస్తకం ఉండేది, పేజీకో జంతువు. కుక్క, ఎద్దు, మేక, కోడిపుంజు, చిట్టచివర గాడిద. తలా ఒక జంతువుని పంచిపెట్టింది. ఎవరి పేజీ వస్తే వాళ్ళే అరవాలి. అరిస్తేనే పేజీ తిప్పుతుంది. ఎద్దులా ఎలా అరవాలో ఆవిడ చూపించిన రోజున బయట కట్టేసిన గేదె తిరిగి పలికింది. "చూశారా, దానికర్థమైంది, మీకే కావట్లా" అని మమ్మల్ని తిట్టింది. ఎద్దు నా వంతు. మా నాన్నకి ఎద్దులంటే ప్రాణం, ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే.

తొంభైల చివర్లో ఒక ఏడు పత్తికి పచ్చపురుగు పడింది. ఏ పురుగుమందు కొట్టినా చావలేదు. మందుల కోసం నాన్న ఎద్దుల్ని సంతకి తోలి అమ్మేశాడు. ఆ మందూ పనిచెయ్యలేదు. ఆఖరికి మిగిలినదాన్ని తనే తాగేశాడు. ఆటో వచ్చేలోపే ప్రాణం పోయింది. మా వైపు ఇంట్లో మనిషి పోతే ఆడవాళ్ళు శోకాలు పెట్టి ఏడుస్తారు, చచ్చినవాడి మంచీ చెడ్డా రాగం తీసి చెప్పుకుంటారు. అది విని ఊరు కదిలొస్తుంది. మా ఇంట్లో ఆ శోకమే లేదు. "ఏడిస్తే ఊరొస్తది, ఊరొస్తే పోలీసులొస్తారు, నా బిడ్డని ఆస్పత్రిలో కోస్తారు" అని నాయనమ్మ తలుపులేసింది. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. తెల్లారీ తెల్లారకముందే దహనం చేసేశారు. నాయనమ్మ నా గడ్డం పట్టుకుని, "మందు కొడతా కొడతా పడిపోయాడు, అంతే. నువ్వసలు నోరు తెరవబాక" అంది. సరేనని నేను నోరు మూశాను. మూసింది మూసినట్టే ఉండిపోయింది. ఆకలేసినా అడిగేదాన్ని కాదు.

మళ్ళీ అంగన్‌వాడీకి వెళ్ళాను. కుక్క అరిచింది, పేజీ తిరిగింది, ఎద్దు వచ్చింది. అందరూ నా వంక చూశారు. నేను నేల వంక చూశాను. సైదాబీ పేజీ తిప్పలేదు, కాసేపు చూసి పుస్తకం మూసేసింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మేకా పుంజూ అలిగి కూర్చున్నాయి. గాడిద శీనుగాడిది. వాడు ఏడుపు ముఖం పెట్టి, "టీచరమ్మా, నా గాడిద ఎప్పుడొస్తది?" అనేవాడు. "ఎద్దు వచ్చాక" అనేది ఆవిడ.

మేక వంతు వచ్చిన పిల్ల వాళ్ళమ్మ ఒకరోజు గొడవకొచ్చింది. "తండ్రి పోయిన పిల్ల, దాన్నొదిలెయ్ టీచరూ. మా పిల్లల్నన్నా అరవనీ."

"వదల్ను. మీ పిల్లలు ఇంటి దగ్గర అరుస్తారు. దానికి అరవడానికి చోటు ఇదొక్కటే" అంది సైదాబీ.

"నీకేమన్నా పిచ్చా?"

"ఆఁ, పిచ్చే. పో."

అప్పట్లో ఆవిడంటే నాకు మహా కోపం. నా మానాన నన్ను బతకనివ్వదేం అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఎద్దు పేజీ దగ్గర శీనుగాడు ఇక తట్టుకోలేకపోయాడు. నా బదులు తనే తల పైకెత్తి, గొంతు సాగదీసి, మూలుగుతూ అరిచాడు. పిల్లలు నవ్వారు. అది ఎద్దు అరుపు కాదు. "ఎద్దు అట్టా అరవదు" అన్నాను. అన్నది నేనేనని నాకే తెలియలేదు. "మా నాన్న అరిచాడు అట్టా. మందు తాగి, మంచం కోడు పట్టుకుని అరిచాడు." ఇక ఆగలేదు. నాన్న ఎలా అరిచాడో అలాగే అరిచాను. ఒకటికి రెండుసార్లు అరిచాను. ఒక్కరూ నవ్వలేదు.

నన్ను తీసుకెళ్ళడానికొచ్చిన నాయనమ్మ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. కొడుతుందనుకున్నాను. గుమ్మం పట్టుకుని అలాగే కిందకి జారి, "ఒరే నా కొడకా, నీ నోటికి గుడ్డ అడ్డం పెట్టానురా, నీ శోకం నా గొంతులోనే పాతిపెట్టానురా, నీ ఎద్దుల్ని తోలుకెళ్ళిన దారిన నువ్వూ పోయావా నాయనా" అని రాగం తీసింది. నాన్న పోయాక ఆవిడ ఏడవగా వినడం నాకదే మొదలు. వీధి వీధంతా వచ్చింది. ఎవరో "ఊరుకో పెద్దమ్మా, పిల్లలు జడుసుకుంటన్నారు" అన్నారు.

"ఎవ్వరూ ఊరుకోమనొద్దు" అని సైదాబీ లేచింది. "పిల్లలకి నేనున్నా. ఆమెని ఏడవనీండి." పుస్తకం పక్కన పెట్టి, వెళ్ళి నాయనమ్మ పక్కన నేల మీద కూర్చుంది. నన్ను ఒళ్ళోకి లాక్కుంది. ఓదార్చలేదు, మంచినీళ్ళన్నా ఇవ్వలేదు. నాయనమ్మ గొంతు పోయేదాకా అలా కూర్చునే ఉంది.

తర్వాత ఏమైందంటారా? ఏమీ కాలేదు. పోలీసులు రాలేదు, అసలెవరూ రాలేదు. నాన్న మందు తాగాడని ఊరందరికీ ముందే తెలుసు, తెలియదనుకుని బతికింది మా ఇల్లొక్కటే. ఎవరి భయానికి నోళ్ళు కుట్టుకున్నామో వాళ్ళకి మేమున్నామని కూడా తెలియదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండిపోతుంది.

నేను పదో తరగతిలో ఉండగా సైదాబీ జబ్బుచేసి పోయింది. పరుగెత్తుకెళ్ళాను. తెల్లటి గుడ్డ కప్పి పడుకోబెట్టారు. గదినిండా ఆడవాళ్ళున్నారు, ప్రార్థనలో పెదాలు మాత్రమే కదులుతున్నాయి. నేను ఆగలేకపోయాను. మా నాయనమ్మ లాగే రాగం తీశాను. ఒక పెద్దావిడ మెల్లిగా నా చెయ్యి పట్టుకుని, "అట్టా గట్టిగా ఏడవకూడదమ్మా, మా మతంలో తప్పు" అంది. తప్పేనేమో, నాకేం తెలుసు? నోరు మూసుకోబోయాను. టీచరు కూతురు ముఖం తుడుచుకుంటూ లేచింది. "ఉండనీ ఖాలా" అంది ఆ పెద్దావిడతో, "ఈ పిల్లకి గొంతు రావాలని మా అమ్మ ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. ఇంటికొచ్చి రోజూ ఏడ్చేది."

సైదాబీ ఏడ్చేదని నాకు ఆ రోజుదాకా తెలియదు. నేను చూసింది ఆవిడ మా నాయనమ్మ పక్కన కూర్చోవడమే. అందుకే ఎవరైనా ఏడుస్తుంటే ఊరుకోమనడానికి నాకు నోరు రాదు. పక్కన కూర్చుంటాను. ఓదార్చడం నాకు అంతవరకే వచ్చు.