మా కన్ను మీ చేను మీదే

ఉపగ్రహాలు తయారుచేసే కంపెనీలో నేను ఉద్యోగం చేశానంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నమ్మినవాళ్లు వెంటనే ఏం చదివారని అడుగుతారు. బీకాం అని చెప్పగానే ఆ నమ్మకం కాస్తా పోతుంది. నిజం చెప్పాలంటే ఆ కంపెనీలో ఉన్నన్నాళ్లూ నేను ఉపగ్రహం మొహం చూడలేదు. నేను చూసిందల్లా జీపు, మైకు, నీలం రంగు టోపీలు. వాటిని వేసుకుని గుంటూరు నుంచి ప్రకాశం జిల్లా పొలిమేర దాకా నల్లరేగడి ఊళ్లు తిరగడం నా పని.

అంతకుముందు ఒక పురుగుమందుల కంపెనీ తరఫున అవే ఊళ్లు, అలాంటి జీపులోనే తిరిగాను. ఏ మందు కొట్టినా పత్తి మీద పురుగు చావని రోజులవి. మొదట రైతులు మునిగారు, వాళ్ల వెనకే మా కంపెనీ మునిగింది. అందుకని జీపు ఆగడమే ఆలస్యం, "ఈసారి ఏం అంటగట్టడానికొచ్చారయ్యా?" అని రచ్చబండ మీద నుంచే అరిచేవాళ్లు. ఉపగ్రహం అని చెబితే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. ఆ తర్వాత ఎవరో ఒకరు, "ఛానెళ్లు ఎన్నొస్తాయండీ?" అని అడిగేవాళ్లు.

కంపెనీ కష్టం కంపెనీది. వాళ్లకు ఉపగ్రహం చేయడం వచ్చు, కొనేవాళ్లే లేరు. ప్రభుత్వాలు కొనాలి, లేదా టీవీ వాళ్లు కొనాలి. ప్రభుత్వం ఒక సంతకం పెట్టేలోపు మావాళ్ల జుట్టు నెరిసిపోయేది. అప్పుడు బొంబాయి నుంచి ఒక మార్కెటింగ్ పెద్దాయనను తెచ్చుకున్నారు. ఆయన అప్పటిదాకా తలనూనె అమ్మారు. తలనూనె అమ్మినవాడికి ఆకాశం ఒక లెక్కా? వచ్చీ రాగానే ఆయన తేల్చేశారు. "ఉపగ్రహాన్ని అమ్మొద్దు. దాని చూపును అమ్మండి." చేనుకు నీళ్లు చాలకపోయినా, తెగులు రాబోతున్నా రైతు కంటే ముందు పైన ఉన్న కెమెరా కనిపెడుతుందట. చందా కట్టిన రైతుకు ఆ కబురు ముందే అందుతుందట. వినడానికి బాగానే ఉంది. నేనూ నమ్మాను, నమ్మకపోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి కనుక మరికాస్త గట్టిగా నమ్మాను.

మా ఆఫీసు నల్లపాడు వెళ్లే దారిలో ఒక మేడ మీద ఉండేది. కింద మిరపకాయల గోదాము. గోదాములో బస్తాలు కదిలించిన రోజున మేడ మీద అందరం తుమ్మేవాళ్లం. పెద్దాయన కర్చీఫు ముక్కుకు అడ్డం పెట్టుకునే తన వ్యూహాన్ని వివరించేవారు. ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు వేసి, బాణాలు గీసి, మధ్యలో తుమ్మి, మళ్లీ బాణాలు గీసేవారు. ఆ బాణాలన్నీ చివరికి ఒక రైతు బొమ్మ దగ్గరికి వచ్చి ఆగేవి. ఆ రైతుకు ఎందుకో రాజస్థాన్ తలపాగా ఉండేది.

ఒకరోజు ఆయన ప్రచార వాక్యం బయటపెట్టారు. బొంబాయిలోనే ఎవరిచేతనో తెలుగులోకి మార్పించారట. 'మా కన్ను మీ చేను మీదే.'

"సార్, ఇది వద్దు," అన్నాను. "మా వైపు కన్ను పడిందంటే దిష్టి తగిలిందని అర్థం. చేలో దిష్టిబొమ్మ పెట్టుకునేదే ఎవరి కన్నూ పడకూడదని. మనం జీపు వేసుకుని వెళ్లి మరీ మా కన్ను మీ మీదే అంటే తంతారు."

ఆయన జాలిగా చూశారు. "కన్నంటే శ్రద్ధ. తల్లి చూపు. మేం రీసెర్చ్ చేయించాం."

"ఎక్కడ సార్?"

"పూనాలో."



కొద్దిరోజులకు గుంటూరులో ఒక హోటల్లో పెద్ద సభ పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. తెర లాగితే వెనక ఇంత పొడుగు ఉపగ్రహం బొమ్మ. పెద్దాయన రెండు చేతులూ పైకెత్తి, "లాంచ్ అయిపోయింది!" అని అరిచారు. అందరం చప్పట్లు కొట్టాం. పొన్నూరు నుంచి వచ్చిన ఒక బియ్యం వ్యాపారి అయితే కిటికీ దగ్గరికి వెళ్లి ఆకాశం వంక చూసి, పగలు కనపడదేమోలే అనుకుంటూ వచ్చి బిర్యానీ ముందు కూర్చున్నాడు. నేను నవ్వుకున్నాను. పైకి వెళ్లిందా లేదా అన్న అనుమానం మాత్రం నాకు రాలేదు. ఉపగ్రహాల కంపెనీవాళ్లు లాంచ్ అన్నారంటే ఎగిరిందనేగా అనుకుంటాం.

ఆ బిర్యానీ తిన్న చెయ్యి కడుక్కుని పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేశారు. ఏదో ఒక ఊళ్లో మిరప చేను ఒకటి చూపించడానికి కావాలి. బోర్డు పెట్టి, ఫొటోలు తీసి, పంట బ్రహ్మాండంగా వచ్చిందని నాలుగూళ్లకూ చూపించాలి. అది చేసిపెడితే నా ఉద్యోగం పర్మనెంటు. కంపెనీలు మార్చి మార్చి విసిగిపోయి ఉన్నాను. నేరుగా పిన్ని దగ్గరికి వెళ్లాను.

పిన్ని మా అమ్మకు సొంత చెల్లెలు. పత్తి పోయిన ఆ ఏళ్లలోనే బాబాయి జబ్బు చేసి పోయారు. మరుదులు తద్దినానికి వచ్చి భోజనం చేసి వెళ్లేవాళ్లు, అంతవరకే. ఆమె పత్తి మానేసి, ఉన్న కొద్దిపాటి చేలో మిరప వేసుకుని ఒక్కతే నెట్టుకొస్తోంది. ఏడాది తిండి, వచ్చే ఏడాది పెట్టుబడి, రెండూ ఆ కాయల్లోనే ఉన్నాయి. నేను ఉపగ్రహం గురించి చెప్పబోతే మధ్యలోనే ఆపేసింది.

"అయ్యన్నీ నాకు చెప్పినా అర్థం కావుగానీ, బోర్డు పాతితే నీ ఉద్యోగం నిలబడుద్దా?"

"నిలబడుద్ది పిన్నీ."

"అయితే పాతుకో. ఇంత నీడన్నా పడుద్ది."

బోర్డు వచ్చింది. అది బోర్డు కాదు, కన్ను. రెప్పలు, వెంట్రుకలతో సహా ఒక మహా పెద్ద కన్ను. చీరాల రోడ్డు మీద బస్సులో వెళ్లేవాళ్లకు కూడా అది తమనే చూస్తున్నట్టుండేది. కింద ఎర్రని అక్షరాల్లో ఆ వాక్యం. మర్నాటికల్లా పక్క చేల రైతులు తమ దిష్టిబొమ్మలు సవరించుకున్నారు. మామూలుగా దారి వైపు తిరిగి ఉండే బొమ్మల్ని పీకి, మొహం ఆకాశానికి ఉండేట్టు ఏటవాలుగా పాతారు. బూడిద గుమ్మడికాయలు కర్రల చివరికెక్కాయి. ఊరి దిష్టిబొమ్మలన్నీ వెల్లకిలా వాలి మా కంపెనీ వంక నాలుకలు చాపుతున్నాయి.

పెద్దాయన కారు దిగి అది చూసి కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్లు మెరిశాయి. "చూశావా! ఇంకా డబ్బు కట్టలేదు, అప్పుడే నమ్ముతున్నారు. తలనూనెకు ఇంత నమ్మకం రావడానికి నాకు ఏళ్లు పట్టింది," అన్నారు. ఆ బొమ్మల పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, కోతలు రాకపోతే. పిన్ని చేను ఆ ఏడు విరగకాసింది. కాయ పండి ఎర్రబారింది. పండిన కాయను వెంటనే కోసి కళ్లంలో ఎండబెట్టుకోవాలి. చెట్టు మీద వదిలేసి, పైన ఒక వాన పడిందా, కాయ తెల్లబడి తాలు అవుతుంది. తాలు కాయను మిర్చి యార్డులో కాలితో తోసేస్తారు. పిన్ని ఎప్పటిలాగే కోతల ముఠాను పిలిచింది. వాళ్లు గట్టు దాకా వచ్చి ఆగిపోయారు.

ముఠా పెద్ద నడివయసు ఆడమనిషి, గొంతు ఊరవతలికి వినపడేది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. నన్ను చూడగానే విరుచుకుపడింది. "ఏందయ్యా, పైనుంచి మీ కంపెనీవోడు చూస్తా ఉంటాడంటగా?"

"మిమ్మల్ని కాదమ్మా, చేనుని."

"చేలో ఉండేది ఎవురు? మేం కాదూ? పొద్దస్తమానం వంగి కోస్తాం. ఎండకి కొంగు ఎక్కడుంటదో చూసుకోం. చాటుకెళ్లాలన్నా ఆ కాలవ గట్టు పక్కకేగా పోయేది? నలుగురు మొగోళ్లు దారిన పోతుంటేనే లేచి నిలబడతాం, పొద్దుగూకులూ పైన కూర్చుని చూసేవోడికి మేం ఎట్టా చాటవుతాం చెప్పు?"

ఆడవాళ్లంతా ఒక్కసారి ఆ బోర్డు వంక చూసి కొంగులు సర్దుకున్నారు. పూనాలో రీసెర్చ్ చేసినవాళ్లకు గానీ, నాకు గానీ ఈ సంగతి తట్టలేదు. నేను దిష్టి గురించే భయపడ్డాను. సిగ్గు గురించి ఆలోచించలేదు. బోర్డు తీసేస్తానన్నాను. "బోర్డు తీస్తే కన్ను పోయిద్దా? అది పైనుందిగా!" అని వాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయారు.

పిన్ని పక్క ఊళ్లకు వెళ్లి వేరే ముఠాలను అడిగింది. ఆ మాట ఆమె కంటే ముందే అక్కడికి చేరింది. ఆమె ఒక్కతే ఎన్ని కాయలు కోయగలదు? తూర్పున మబ్బు పట్టడం మొదలైంది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టి, "నీ పని చూసుకో నాయనా, నా తిప్పలు నేను పడతాలే," అంది. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

జీపు తీసుకుని గుంటూరు వచ్చి పెద్దాయన ముందు నిలబడ్డాను. కోతలయ్యేదాకా ఆ చేను మీద కెమెరా ఆపమని బతిమాలాను. ఆయన వినడం లేదు. ఆయన ముందు కొత్త వ్యూహం సిద్ధంగా ఉంది. ఊళ్లలో దిష్టిబొమ్మలకు గిరాకీ ఉంది కనుక కంపెనీయే దిష్టిబొమ్మలు చేయించి, వాటి బొడ్డు మీద కంపెనీ గుర్తు వేసి, చందాదారులకు ఉచితంగా ఇస్తుందట. ఉపగ్రహాలు చేసే కంపెనీ, తన ఉపగ్రహం దిష్టి తగలకుండా తనే దిష్టిబొమ్మలు పంచుతుంది!

"సార్, ముందు ఆ కెమెరా ఆపించండి. మా పిన్ని పంట పోతోంది," అన్నాను.

"ఆపడానికి అసలు పైన ఏదైనా ఉంటే కదా!" అన్నారు ఆయన నవ్వుతూ.

నాకు అర్థం కాలేదు. హోటల్లో లాంచ్ అన్నారుగా అన్నాను. ఆయన ఇంకా నవ్వారు. ఆ రోజు లాంచ్ చేసింది ప్రచారాన్నట. ఉపగ్రహం ఇంకా తయారీలోనే ఉందట. చందాదారులు ఎందరొస్తారో చూసుకుని దాన్ని ఎగరేసే సంగతి ఆలోచిస్తారట. మేం రైతులకు చూపించిన రంగురంగుల ఫొటోలు ఏ దేశం చేలవో ఆయనకూ తెలియదు. "ఈ మాట ఇక్కడే ఉండాలి. వచ్చే నెల నుంచి నువ్వు పర్మనెంటు," అని మళ్లీ నా భుజం మీద చెయ్యి వేశారు. కింద ఎవరో బస్తాలు కదిలించారు. ఆయన తుమ్మారు.

ఒళ్లు మండిపోయింది. మెట్లు దిగి, జీపు ఎక్కి, సరాసరి పిన్ని ఊరు వచ్చాను. కూలీలు ఉండే పేటలో జీపు ఆపి మైకు చేతిలోకి తీసుకున్నాను. "అమ్మా, పైన ఏమీ లేదు. మా ఉపగ్రహం ఇంకా ఎగరలేదు. ఇంతవరకూ మీ ఊరినిగానీ, మిమ్మల్నిగానీ ఎవరూ చూడలేదు. మా కంపెనీ చెప్పింది అబద్ధం," అని కంపెనీ మైకులోనే, కంపెనీ టోపీతోనే చెప్పాను. చెబుతుంటే నా ఉద్యోగం పోతోందని తెలుస్తూనే ఉంది. ఆ కాసేపు మాత్రం మైకులో మాట్లాడ్డం నాకు చాలా ఇష్టంగా అనిపించింది.

ముఠా పెద్ద గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "ఒట్టా?"

"మా అమ్మ మీద ఒట్టు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నా మొహంలో ఏం కనపడిందో, పకపకా నవ్వింది. "ఒసేయ్, గంపలు తియ్యండే! పైనెవుడూ లేడంట!" అని పేటంతా వినపడేలా కేకేసింది. నవ్వుతూ, నన్నూ మా కంపెనీనీ నోటికొచ్చినట్టు తిడుతూ, అందరూ చేలోకి దిగారు. నేను బోర్డు పీకించి కాలవ గట్టు మీద బోర్లా పడేశాను. మబ్బు ఇంకా తూర్పునే ఉంది.

పిన్ని మాత్రం నవ్వలేదు. పంట దక్కుతున్నందుకు సంబరపడుతుందనుకున్నాను. గట్టు మీద కొంగు చివర మెలిపెట్టుకుంటూ నిలబడి ఉంది.

"నిజంగానే లేదంట్రా?"

"లేదు పిన్నీ."

"మీ బాబాయి పోయినకాడ నుంచి ఈ చేను మొకం చూసినోళ్లు లేరురా. నువ్వు బోర్డు పాతిన కాడ నుంచి పొద్దున్నే వచ్చి ఓసారి పైకి చూసేదాన్ని. ఇయ్యాళ నీళ్లు పెట్టాను, ఇయ్యాళ కలుపు తీశాను అని చెప్పుకునేదాన్ని. ఎవురో చూస్తన్నారుగా, బాగా చేద్దాం అనిపించేది. పిచ్చిదాన్ని."

నేను టోపీ తీసేశాను. ఆమె కొంగు ముఖానికి చుట్టుకుని మిరప సాల్లోకి దిగి, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"పోనీలే. నువ్వన్నా చూడరా, ఎట్టా కాసిందో."