రెండడుగులు వెనక్కి

హెలికాప్టర్ మమ్మల్ని దించి వెళ్ళిపోయేసరికి ఉదయం ఏడు ఇరవై. ఎత్తు పద్దెనిమిది వేల అడుగుల పైచిలుకు. చలి మైనస్ ఇరవై ఆరు. నా సామాను: స్లీపింగ్ బ్యాగు, మంచుగొడ్డలి, రెండు జతల గ్లవ్స్, నడుముకు కట్టుకునే తాడు, పెన్షన్ కాగితాల ఫైలు. చివరిది సర్కారు ఇచ్చిన సామాను కాదు. సైన్యంలో ఇరవై నాలుగేళ్ళ సర్వీసు ఇంకో ఏడాదిలో ముగుస్తుంది. కాగితాలు నెలల ముందే పంపాలి. అందుకని మంచులోకి కూడా మోసుకుపోయాను.

పోస్టులో తొమ్మిది మందిమి. తెలుగువాళ్ళం ఇద్దరమే. నాది మైదుకూరు పక్కన పల్లె. రేడియో ఆపరేటర్‌ది కర్నూలు పక్క ఆత్మకూరు. నాకంటే రెండేళ్ళు పెద్ద. నాకంటే నాలుగు నెలలు ముందే రిటైరవుతాడు. నేను బంకర్లో మూట దించానో లేదో అడిగాడు.

"ఏమప్పా, మీ పక్క బోర్లు ఎన్ని అడుగులకు పడతాండాయి?"

"ఎనిమిది నూర్లు పొడిచినా దుమ్మేనన్నా."

"మా తట్టూ అంతేలే," అన్నాడు సంతోషంగా. కష్టం ఒకటే అని తెలిస్తే మనవాళ్ళకు చుట్టం దొరికినంత సంబరం.

పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్. కొండ మనిషి. ఆ సాయంత్రమే మాకు మూడు ఆర్డర్లు చెప్పాడు. తాడు లేకుండా బయటికి పోకూడదు. ఇనుమును వట్టిచేత్తో ముట్టకూడదు. మూడోదానికి గొంతు తగ్గించాడు.

"మంచు కింద నీళ్ళు వినపడతాయి. చెవి పెట్టొద్దు. వినపడితే లేచి నిలబడాలి. రెండడుగులు వెనక్కి వెయ్యాలి."

నాకు నవ్వొచ్చింది. కడప జిల్లావాడికి నీళ్ళ చప్పుడు వినొద్దని ఆర్డరు.

పదో రోజు. ఉదయం ఐదు నలభై, డ్యూటీ మార్పు. ఆపరేటర్ బంకర్ వెనక బోర్లా పడుకుని ఉన్నాడు. టోపీ తీసేశాడు. చెంప మంచుకు ఆనించి ఉంది. నన్ను చూసి కుడి అరచెయ్యి ఎత్తాడు. గస్తీలో ఆ సైగకు అర్థం, కదలొద్దు, శబ్దం చెయ్యొద్దు. నేనూ పక్కన పడుకున్నాను.

బావిలో చేద మునిగినప్పుడు వస్తుందే, ఆ చప్పుడు. చాలా లోతు నుంచి. తర్వాత నాలుగు అంకెలు లెక్కపెట్టేంత నిశ్శబ్దం. మళ్ళీ అదే. చిన్నప్పుడు ఎండిపోయిన మా బావి అక్కడ నిండుతున్నట్టు అనిపించింది. ఎంతసేపు విన్నానో తెలియదు. ఎవరో నా నడుము తాడు గుంజితే లేచాను. చెవి తోలు మంచుకే అతుక్కుపోయింది.

గుంజింది సుబేదార్ సాబ్. తిట్టలేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది.

"మీకు ముందు ఒకడు విన్నాడు," అన్నాడు. "ఇసుక ఊరివాడు. రోజూ వినేవాడు. ఒకరోజు తాడు విప్పేసి నడుచుకుంటూ పోయాడు. మేము అడుగుజాడలు చూసుకుంటూ పోయాం. ఒకచోట ఆగిపోయాయి. ఎండిన ఊళ్ళవాళ్ళకే అది ఎక్కువ వినపడుతుంది."

అప్పటినుంచి నేను చెవి పెట్టలేదు. ఆపరేటర్ మానలేదు.

సాయంత్రం నాలుగింటికి రేడియో చెక్ అయ్యాక అతని ప్లాను మొదలయ్యేది. ఇద్దరం కలిసి ఆత్మకూరు దగ్గర ఐదెకరాలు. ఒక బోరు. చీనీ తోట, అంటే బత్తాయి. దానికి ఇద్దరం పెన్షన్లో సగం అమ్ముకోవాలి. మీకు అర్థమయ్యేలా చెబుతాను. సగం పెన్షన్ వదులుకుంటే సర్కారు ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తుంది. పదిహేనేళ్ళు సగంతోనే బతకాలి.

ఆదివారాలు శాటిలైట్ ఫోన్లో ఐదు నిమిషాలు ఇచ్చేవాళ్ళు. నా భార్య మేరీ ఒకటే మాట చెప్పింది. "ఎన్ని బాడుగిండ్లు మారినామో నీకే తెలీదు. నాకు సొంత కప్పు ఒకటి చాలు. చర్చిలో ప్రార్థన గూడా పెట్టించినా. ఆ డబ్బులు యాడా పెట్టొద్దు."

ఆమెకు సరే అన్నాను. అతనికీ సరే అన్నాను. సొమ్ము ఒకటే. పెన్ను చంకలో పెట్టి వెచ్చచేసి, ఫారంలో 'సగం' అని రాసి సంతకం పెట్టాను. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆపరేటర్ ముందుగా దిగిపోయాడు. పొలం కొన్నాడు. వారం వారం ఫోన్. మా దగ్గర బోరు వేయించేముందు అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టి చేనంతా నడుస్తారు. కాయ నిక్కినచోట నీళ్ళున్నట్టు. అతను కాయ కూడా పట్టుకోలేదు.

"నాకు చెవి ఉండాది కదప్పా."

మొదటి బోరు దుమ్ము. రెండోది, మూడోది అంతే. నేను రిటైరై ఇల్లు చేరేనాటికి నాలుగు. "ఐదోదానికి నీ వాటా తేప్పా," అన్నాడు. "నీ మాట నమ్ముకోని ఉండా."

మేరీకి చెప్పలేదు. చొక్కా జేబులో సంతకం చేసిన చెక్కు పెట్టుకుని మైదుకూరులో బస్సెక్కాను. నంద్యాలలో మారి ఆత్మకూరు చేరాను. చేనికాడికి పోయేసరికి మధ్యాహ్నం పన్నెండు పది. మే నెల. గాలి లేదు. పిట్ట లేదు. ఎర్రనేలలో నాలుగు కేసింగ్ పైపులు నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని నోటికి గోనెసంచి.

గట్టుమీద అతని భార్య కూర్చుని ఉంది. "పొద్దన్నుంచీ అట్లే పండుకోని ఉండాడప్పా," అంది. "ఐదోది వేస్తే ఉండే ఇల్లు గూడా పోతాది. నీ మాటయితే ఇంటాడు."

అతను నాలుగో పైపు పక్కన బోర్లా ఉన్నాడు. చెంప కాలే నేలమీద. నన్ను చూసి అరచెయ్యి ఎత్తాడు.

"రాప్పా. పండుకో. ఈ పక్కకు పది అడుగుల్లో ఉండాది."

లేదని చెప్పడానికే పడుకున్నాను.

బావిలో చేద మునిగిన చప్పుడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ. నలభై మూడు డిగ్రీల ఎండలో నా చెవి మంచుకు అంటుకున్నట్టు మండింది. అదే లోతు. అదే వరస. రెండు వేల కిలోమీటర్ల దూరం నుంచి అది మా వెంట వచ్చింది. లేచి నిలబడ్డాను. రెండడుగులు వెనక్కి వేశాను.

"నాకేం ఇనపళ్ళేదన్నా," అన్నాను. "ఈడ నీళ్ళు లేవు. ఇంగ చాలు."

అతను నా ముఖం చూడలేదు. కొంచెం పైకి చూస్తున్నాడు. నేనూ చూశాను. నా కుడి చెయ్యి గాలిలో ఉంది. అరచెయ్యి విప్పి, కదలొద్దని, శబ్దం చెయ్యొద్దని. ఎప్పుడు ఎత్తానో తెలియదు. దించుదామంటే దిగలేదు.

అతను లేచి వచ్చాడు. నా మణికట్టు పట్టుకుని మెల్లగా కిందికి దించాడు. మండుటెండలో ఆ వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"పో అప్పా, బస్సు పోతాది," అన్నాడు. "ఇల్లు కట్టుకో."

చెక్కును నంద్యాల బస్టాండులో చింపేశాను. మైదుకూరులో రెండు గదులు కట్టాం. స్లాబు పోసిన రోజు మేరీ మిద్దెమీద చాప వేసుకుని కూర్చుని, చీకటి పడేదాకా దిగలేదు. ఐదో బోరు అతను వేయించలేదు. అతని ఇల్లు నిలిచింది. కర్నూలులో ఒక గోడౌన్‌కు కాపలా ఉంటున్నాడని విన్నాను. నాకు ఫోన్ చెయ్యడు. నేనూ చెయ్యను. అక్కడ నిజంగా నీళ్ళు ఉన్నాయేమో. అతన్ని మోసం చేశానో, కాపాడానో ఈరోజుకీ నాకు తెలియదు.

రిటైరయ్యే కుర్రవాళ్ళు ఫోన్ చేస్తుంటారు. సగం పెన్షన్ అమ్ముకోవద్దని చెబుతాను. భార్య పేరు కాగితాల్లో సరిగ్గా పడిందో లేదో చూసుకోమంటాను. వచ్చిన సొమ్ము ఏడాదిపాటు ఎవరి చేతికీ ఇవ్వొద్దంటాను. వాళ్ళు శ్రద్ధగా రాసుకుంటారు.

సగం పెన్షన్ చాలక ఎర్రగుంట్ల దగ్గర ఒక ఫ్యాక్టరీ గేటులో పని చేస్తున్నాను. ఉదయం ఆరు నుంచి రెండు దాకా. లారీ వస్తే కుడి అరచెయ్యి ఎత్తి ఆపాలి. ఎత్తుతాను. లారీ ఆగుతుంది. అప్పుడు చల్లటి వేళ్ళు నా మణికట్టు పట్టుకుంటాయి. మెల్లగా కిందికి దించుతాయి.