కీవ్‌స్కయాలో నూనె రాయని నేల

2006లో ఖమ్మంలోని మా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ మూతపడేలా ఉంది. ఆర్డర్లు లేక మెషిన్లు ఆగిపోయాయి. పనివాళ్లు రోజూ వచ్చి టీ తాగి వెళ్తున్నారు. మాస్కోలో ఒక భవనానికి నల్లరాయి కావాలని తెలిసి, శాంపిల్ ముక్కలు సంచిలో వేసుకుని బయలుదేరాను. నాతో మా పాలిష్ మేస్త్రి, టేకులపల్లి యోహానన్న వచ్చాడు.

నేను దమ్మపేట కిరాణాకొట్టులో పెరిగినవాణ్ని. బేరంలో ముందు నోరు విప్పినవాడే ఓడిపోయినట్టని మా నాన్న అనేవాడు. ఆ తెలివితోనే శాంపిళ్లకు ఆయిలింగ్ చేయించాను. అంటే, బూడిదరంగు తిరిగిన రాయికి రంగునూనె పట్టించి కాటుకలా కనిపించేలా చేయడం. యోహానన్న వద్దన్నాడు. "నీకు రాయి తెలుసు, నాకు గిరాకీ తెలుసు" అన్నాను.

కొనుగోళ్లు చూసే వేరా అనే పెద్దావిడ మమ్మల్ని ఆఫీసుకు కాక, మెట్రోలో కీవ్‌స్కయా స్టేషనుకు రమ్మంది. అది ఇంటర్‌చేంజ్, నేల కింద ఒక లైను దిగి ఇంకో లైను ఎక్కే చోటు. మూడు లైన్లకు మూడు స్టేషన్లు, మూడింటికీ అదే పేరు. ఎస్కలేటర్ ఎంత దిగినా అడుగు కనబడలేదు.

"మా బావ పనిచేసే బొగ్గుగని గింత లోతుంటే షిఫ్ట్ అయిపోయినా పైకి రాడు సేటూ" అన్నాడు యోహానన్న.

కింద తెల్లని పాలరాయి, కమాను కప్పు, గోడలపై రంగురాళ్ల బొమ్మలు. రాతికి వెలకట్టడమే నా బతుకు. అక్కడ ఎంత కట్టాలో తోచలేదు. రైళ్లు వచ్చి వందలమందిని దించి పోతున్నాయి. అంత జనంలో యోహానన్న మోకాళ్ల మీద కూర్చుని నేలను అరచేత్తో తడిమాడు.

"ఏందన్నా, లే. జనం తొక్కుతరు."

"గిదే చూస్తున్న. ఎంతమంది తొక్కిన్రో, అయినా మెరుపు పోలే. దీనికి మనలెక్క నూనె రాసిన్రంటవా?"

నేను శాంపిళ్ల సంచిని కాళ్ల వెనక్కి జరుపుకున్నాను.

వేరా అప్పటికే వచ్చి ఆయన్ని చూస్తూ నిలబడింది. "ఇది ఏభై ఏళ్ల నేల. మీ రాయి ఇలా నిలుస్తుందా?" అని ఇంగ్లీషులో అడిగి, తన సంచీలోంచి దూది, అసిటోన్ సీసా తీసింది. గోళ్లరంగు తుడిచే మందే అది. నూనె పెట్టిన రాతిని దాంతో తుడిస్తే దూది నల్లబడుతుంది.

"మేడమ్, తుడవొద్దు. నల్లగా వస్తుంది" అన్నాను.

ఆమె సీసా మూత బిగించింది. "తెలుసు. మీ సంచి నూనె వాసన వస్తోంది. నూనె లేని ముక్క పంపండి." అంతే, వచ్చిన రైలెక్కి వెళ్లిపోయింది.

"ముందు నోరు విప్పితివి గద సేటూ" అన్నాడు యోహానన్న.

"అవ్ అన్నా."

ఇంటికొచ్చి, బూడిదరంగు తిరిగిన రాయిని ఉన్నదున్నట్టు పంపాం. నెల దాటాక కవరొచ్చింది. అందులో ఆర్డరు కాగితం. నేను కలగన్నంత పెద్దది కాదు గానీ, మెషిన్లు మళ్లీ తిరిగాయి. కాగితంతో పాటు చిన్న దూది ముక్క ఉంది, తెల్లగా. యోహానన్న దాన్ని తన బైబిల్లో పెట్టుకున్నాడు.

ధర దగ్గర ఇప్పటికీ నేను ముందు నోరు విప్పను. రాయి సంగతి మాత్రం అడక్కముందే చెప్పేస్తాను.