నాయిన మంచం మీదే అందరి కళ్లు

కరోనా రెండో వేవ్ వచ్చిన ఎండాకాలంలో మా ఇంట్లో ముందు జ్వరం వచ్చింది నాయినకు. అప్పటికే ఆయనకు డెబ్భై దాటాయి. బస్ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. సన్నటి మనిషి. పొద్దున్నే కర్మన్‌ఘాట్ గుడి దాకా నడిచి వెళ్లొచ్చేవాడు. ఒక్క బీపీ మాత్ర తప్ప మందులు ఎరగడు. అయినా టీవీలో పెద్దవాళ్లు జాగ్రత్త అని చెప్పీ చెప్పీ, మాకు ఆయన వయసు తప్ప ఇంకేమీ కనిపించకుండా పోయింది.

అమ్మ పోయినప్పటి నుంచి నాయిన అన్న దగ్గరే ఉంటున్నాడు. నేను, మా ఆయన మూసారాంబాగ్‌లో. అన్నకు దిల్‌సుఖ్‌నగర్‌ గల్లీలో కర్టెన్ల దుకాణం. ఇంటింటికీ వెళ్లి కొలతలు తీసుకునేదీ తనే, గోడకు డ్రిల్లు వేసి రాడ్లు బిగించేదీ తనే. ఎత్తుగా, బాగా లావుగా ఉండేవాడు. స్టూలు ఎక్కాడంటే కింద వదిన రెండు చేతులతో స్టూలు పట్టుకుని నిలబడేది. ఇంకా యాభై నిండలేదు. షుగర్ ఉందని కొన్నేళ్ల కిందటే తెలిసింది. గుర్తుంటే మాత్ర వేసుకునేవాడు, లేకపోతే లేదు. అడిగితే, "నాకేమైందే, మంచిగనే ఉన్న గదా" అనేవాడు. చూసేవాళ్లకు మంచిగానే ఉండేవాడు మరి.

నాయినకు జ్వరం వచ్చిన దగ్గర్నుంచి అన్న కాలు ఒకచోట నిలవలేదు. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ కొనుక్కొచ్చి, వచ్చినప్పుడల్లా నాయిన వేలికి తగిలించేవాడు. అంకె కాస్త తగ్గగానే తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి, ఎండలో ఒక్కో దవాఖాన మెట్లెక్కి దిగి, చివరికి ఎల్‌బీ నగర్‌లో ఒకచోట బెడ్ దొరకబుచ్చుకున్నాడు. నాయినను చేర్చి వచ్చిన రోజు నాకు ఫోన్ చేసి గర్వంగా చెప్పాడు, జల్దీ తీసుకొచ్చిండ్రు, మంచిదైంది అన్నారట డాక్టర్లు. మాట్లాడుతున్నంతసేపూ దగ్గుతూనే ఉన్నాడు. ఎండలో తిరిగిన గొంతు అన్నాడు.

తనకూ జ్వరమేనని మాకు తర్వాత తెలిసింది. గోలీలు మింగి అణచిపెట్టుకుని తిరిగాడు. ఎవరో కస్టమర్‌తో ఫోన్లో మాట్లాడుతుంటే మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకోవడం వదిన గమనించింది. మిషన్ తెచ్చి అన్న వేలికి పెట్టింది. తొంభై దాటి ఉండాల్సిన అంకె ఎనభైల్లోకి దిగి ఉంది. "బ్యాటరీ అయిపోయినట్టుంది" అన్నాడట నవ్వుతూ. వదిన టీవీ రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసి దాంట్లో వేసింది. మళ్లీ అదే అంకె.

అదే ఆసుపత్రిలో బతిమిలాడి చేర్పించాం. నాయిన కింది అంతస్తు వార్డులో, అన్న పైన ఐసీయూలో. లోపలికి ఎవర్నీ రానిచ్చేవాళ్లు కాదు. నేను, వదిన, డిగ్రీ చదువుతున్న అన్న కూతురు ఫ్లైఓవర్ పిల్లర్ల నీడలో నిలబడి గేటు వైపు చూస్తుండేవాళ్లం. మాలాంటి వాళ్లే చుట్టూ. మధ్యాహ్నం డాక్టరమ్మ కిందికి వచ్చి ఒక్కొక్కరినీ పిలిచి చెప్పేది. కోస్తా వైపు మాట. మాస్కు పైన కళ్లు తప్ప ఆమె ముఖం నేనెప్పుడూ చూడలేదు.

మొదటి రోజు నేను ముందు నాయిన గురించే అడిగాను. వయసు పైబడింది గదా మేడం, ఎట్ల ఉన్నడు అని.

"వయసు పెద్ద విషయమే, కాదనను. కానీ ఆయన్ని త్వరగా తీసుకొచ్చారు. కిడ్నీలు బాగున్నాయి, షుగర్ లేదు. నా భయమంతా మీ అన్నయ్యగారి గురించేనమ్మా" అంది.

వదిన నా చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ తొందరపడకుండా ఒక్కొక్కటీ చెప్పింది. షుగర్ చాలా ఎక్కువగా ఉంది, ఎన్నాళ్ల నుంచో అలాగే ఉన్నట్టుంది. బరువు ఎక్కువ. వచ్చేటప్పటికే ఆక్సిజన్ బాగా పడిపోయింది. కిడ్నీలు కూడా దెబ్బతింటున్నాయి. ఊపిరితిత్తుల వాపు తగ్గడానికి ఇచ్చే మందు షుగర్‌ను ఇంకా పెంచుతుంది, ఇవ్వకపోతే ఊపిరి అందదు. "ఇందులో ఏ ఒక్కటున్నా మేం జాగ్రత్తగా చూస్తాం. అన్నీ ఒకే మనిషిలో ఉన్నాయి" అంది. ఇన్ని రోజులు మేం నాయిన మంచం చుట్టూ తిరిగాం. ప్రమాదం ఆ మంచం పక్కనే నిలబడి ఆయనకు నీళ్లు తాగిస్తూ ఉంది.

ఒకసారి నర్సు వీడియో కాల్ కలిపింది. అన్న ముఖమంతా మాస్కు, దాని పట్టీలు బుగ్గల్లోకి దిగిపోయి ఉన్నాయి. కూతురి వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. తర్వాత మాస్కు లోంచే వదినకేదో చెప్పబోయాడు. అర్థం కాక మూడుసార్లు అడిగాం. ఎవరివో కర్టెన్లు కుట్టి తయారుగా ఉన్నాయట, ఇచ్చిరమ్మంటున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. వదిన "ఇస్త, నువ్వు మాట్లాడకు" అంది. మేం ఆయన్ని బతికుండగా చూడటం అదే ఆఖరు. ఆ తర్వాత వెంటిలేటర్ పెట్టారు.

ఒక పొద్దున ఫోన్ వచ్చింది. అన్నను తెల్లటి సంచిలో చుట్టి ఇచ్చారు, ముఖం దూరం నుంచే చూపించారు. శ్మశానంలోకి నలుగురికి మించి రానివ్వం అన్నారు. కూతురే కొరివి పెట్టింది. పీపీఈ కిట్ లోపల ఆ పిల్ల భుజాలు ఎగిరెగిరి పడుతుంటే మా ఆయన వెనక నిలబడి పట్టుకున్నాడు.

అప్పటికి నాయిన ఇంకా ఆక్సిజన్ మీదే ఉన్నాడు. ఇప్పుడే చెప్పొద్దు, కోలుకునేదాకా ఆగండి అంది డాక్టరమ్మ. కానీ రోజూ వీడియో కాల్‌లో నాయిన ముందు అడిగే మాట అదే, వాడేడి అని. ఇంట్లో జ్వరంతో పడుకున్నడని చెప్పాం. ఊర్నుంచి ఫోన్ చేసిన పెద్దమ్మలు వదినకు చేయించాల్సినవి చేయించమని చెప్తున్నారు. వదిన ఒప్పుకోలేదు. "మామయ్య రోజు నా ముఖం చూస్తుండు. ఆయన ఇంటికొచ్చినంక చూద్దాం" అంది. కాల్ వచ్చే ముందు ముఖం కడుక్కుని, ఎప్పటిలా బొట్టు పెట్టుకుని, గాజుల చేత్తో ఫోన్ పట్టుకుని కూర్చునేది. తిన్నరా మామయ్య అని అడిగేది. ఆయన పడుకున్నడు, లేపమంటరా అని కూడా ఒకరోజు అంది. వద్దు బిడ్డ, పండనియ్ అన్నాడు నాయిన. ఫోన్ పెట్టేశాక ఆమె లేచి బాత్రూంలోకి వెళ్లి కొళాయి తిప్పింది. నీళ్ల చప్పుడు చాలాసేపు వినపడింది.

నాయిన కోలుకున్నాడు. డిశ్చార్జ్ అయ్యాక ముందు మా ఇంటికి తీసుకొచ్చాం. టీ తాగనిచ్చి, ఎదురుగా కూర్చుని నేనే చెప్పాను. ఆయన టీ గ్లాసు మెల్లగా కింద పెట్టాడు. నా మాట వినపడలేదేమో అనుకున్నాను. అప్పుడు అడిగాడు.

"కొరివి ఎవరు వెట్టిండ్రు?"

"బిడ్డనే పెట్టింది నాయిన."

తల ఊపాడు. ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. గుమ్మంలో వదిన నిలబడి ఉంది, బొట్టుతో, గాజులతో. ఆయన్ని చూడగానే చేతులు కొంగు కింద దాచుకోబోయింది. నాయిన ఆ చేతుల్ని పట్టుకున్నాడు. "ఉండనియ్ బిడ్డ. ఎవరేమన్నా నేను చెప్త" అన్నాడు. అప్పుడు ఏడ్చారు ఇద్దరూ. అన్న పోయాక వదిన మా ముందు ఏడవడం అదే మొదలు.

తర్వాత చెకప్‌కు ఆయన్ని నేను తీసుకెళ్లాను. అన్నీ చూసి, బాగున్నారు అంకుల్ అంది డాక్టరమ్మ. నాయిన లేవలేదు.

"నాకు డెబ్భై దాటినయమ్మ. అందరు నేనే పోతననుకున్నరు. నేను బతికిన, వాడెట్ల వోయిండు?"

ఆమె మాకు చెప్పినవే ఆయనకూ మెల్లగా చెప్పింది. అవన్నీ ప్రమాదాన్ని పెంచుతాయి, అయినా ఎవరు బతుకుతారో మేం కూడా ముందే చెప్పలేం, అన్నీ బాగున్నవాళ్లూ పోయారు అంది. ఆయన విన్నాడు. తర్వాత అసలు అడగాలనుకున్నది అడిగాడు.

"నా జ్వరమే వానికి అంటిందా అమ్మా?"

డాక్టరమ్మ కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది. "తెలీదు అంకుల్. అప్పుడు ఊరంతా ఉంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరూ చెప్పలేరు" అంది. కాదు అని ఉంటే ఆయన నమ్మేవాడు కాదు. తెలీదు అన్నందుకు కాస్త నమ్మినట్టున్నాడు. చేతికర్ర తీసుకుని లేచాడు.

ఇప్పుడు దుకాణం వదిన నడుపుతోంది. మళ్లీ తీసింది, కొలతలు తనే తీసుకుంటుంది, బిగించడానికి మనిషిని పెట్టుకుంది. ఆ ఏడాదే నాయిన పట్టుబట్టి మా అందరికీ రక్తపరీక్షలు చేయించాడు. నాకూ షుగర్ ఉన్నట్టు తేలింది. ఏ ఇబ్బందీ లేదు, ఏ నొప్పీ లేదు, అన్నలాగే మంచిగానే ఉన్నాను అప్పటికి. ఆ రోజు నాయిన ముఖం చూడలేకపోయాను.

అప్పటి నుంచి పొద్దున నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్‌కు బయల్దేరే వేళకు ఫోన్ చేస్తాడు. గోలీ ఏసుకున్నవా అంటాడు. ఒక్కోసారి ఆలస్యమై నేను మెట్రో మెట్ల మీదున్నా, క్లాసు మొదలైనా ఆ ఫోన్ ఎత్తుతాను. వేసుకున్నా నాయిన అంటాను. సరే బిడ్డ అని పెట్టేస్తాడు. మిగతా వేళల్లో అన్న గురించి ఎంతైనా మాట్లాడుకుంటాం. ఆ ఫోన్లో మాత్రం అన్న పేరు ఇద్దరిలో ఎవరమూ ఎత్తం.